శనిగ్రహాన్ని ఏ గంగాళంలో వేద్దాం?

"శనిగ్రహం నీటికంటే తేలికైనది. దాన్ని పట్టేంత పెద్ద గంగాళం దొరికితే, అందులో నీళ్ళు పోసి శనిని వేస్తే బెండులా తేలుతుంది."

ఈ వాక్యం మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. చదవకపోతే మీ సైన్సు మాస్టారు చెప్పగా విని ఉంటారు. క్విజ్ పోటీలకు తయారయ్యేవాళ్ళయితే "నీటిపై తేలే గ్రహం ఏది? శని" అని కంఠస్థం కూడా చేసి ఉంటారు. నేనూ ఏళ్ళ తరబడి ఈ వాక్యాన్ని తరగతిలో చెప్పినవాణ్ణే. చెప్పినప్పుడల్లా పిల్లలు ఆశ్చర్యపోయేవారు. వాళ్ళ ఆశ్చర్యం చూసి పాఠం బాగా చెప్పానని నేను సంతోషపడేవాణ్ణి.

ఇప్పుడు ఆ వాక్యం గురించి నా అభిప్రాయం మారింది. అది పూర్తిగా అబద్ధమని నేననను. అది సగంలో ఆపేసిన ఆలోచన. ఎక్కడ ఆపకూడదో సరిగ్గా అక్కడ ఆపేస్తున్నాం. ఎందుకలా అంటున్నానో చెప్పేముందు నా తప్పు ఒకటి మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతిలో ఆర్కిమిడిస్ సూత్రం చెబుతూ, అలవాటు ప్రకారం శనినీ గంగాళాన్నీ తీసుకొచ్చాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ గంగాళాన్ని దేనిమీద పెడతారండీ?" అని అడిగింది. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "ఊహే కదమ్మా, దేనిమీదో ఒకదాని మీద పెడతాం, కూర్చో" అన్నాను. ఆ నెలాఖరు పరీక్షకు ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. "నీటిలో వేస్తే తేలే గ్రహం ఏది?" అనేది అందులో ఒక మార్కు ప్రశ్న. అందరూ "శని" అని రాశారు. ఆ అమ్మాయి మాత్రం "వెయ్యడానికి వీలు లేదు" అని రాసింది. ఎర్ర సిరాతో సున్న చుట్టాను.

వేసవి సెలవుల్లో తీరిగ్గా కూర్చుని ఆ గంగాళం లెక్క మొదటిసారి పూర్తిగా వేసి చూశాను. అప్పుడు తెలిసింది, ఆ తరగతి మొత్తంలో ఆలోచించి రాసిన జవాబు అదొక్కటేనని. బళ్ళు తెరిచాక ఆ మాట అందరి ముందూ ఒప్పుకున్నాను. కాని అప్పటికే ఆ అమ్మాయి తరగతిలో ప్రశ్నలు అడగడం మానేసింది. మార్కు తిరిగి వెయ్యగలిగాను గాని, ఆమె చేత మళ్ళీ చెయ్యెత్తించలేకపోయాను.

ఆ సెలవుల్లో వేసిన లెక్కనే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందు ఇందులో నిజమెంత?

ఒక ఘన సెంటీమీటరులో ఎంత ద్రవ్యరాశి ఉంటుందో చెప్పేదే సాంద్రత. నీటికి అది 1 గ్రాము. ఇనుముకు సుమారు 7.9, పాదరసానికి 13.6. గ్రహాల సగటు సాంద్రతలు చూడండి: భూమికి 5.51, బుధుడికి 5.43, శుక్రుడికి 5.24, కుజుడికి 3.93. ఇవి రాళ్ళూ లోహాలూ ఉన్న గ్రహాలు. దూరాన ఉన్న పెద్ద గ్రహాలకు వస్తే గురుడికి 1.33, యురేనస్‌కు 1.27, నెప్ట్యూన్‌కు 1.64. శనికి 0.69. ఒకటికి లోపు ఉన్నది శని ఒక్కటే. ఇంతవరకు నిజం. ఇందులో అనుమానమేమీ లేదు.

అయితే శనిని తక్కెడలో వేసి తూచినవాళ్ళెవరు? ఎవరూ లేరు. మనం తూచవలసింది కాగితం మీదే. ఇందుకు కెప్లర్ మూడో నియమాన్ని, న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రాన్ని కలిపి వాడుకోవాలి. ఉపగ్రహం ఎంత దూరంలో తిరుగుతోందో ఆ దూరాన్ని ఘనం చేసి, ఒక ప్రదక్షిణకు పట్టే కాలాన్ని వర్గం చేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చే సంఖ్య మధ్యనున్న గ్రహం ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో ఉంటుంది.

మన చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో 27.32 రోజులకొకసారి భూమిని చుట్టి వస్తాడు. శని ఉపగ్రహం టైటాన్ సుమారు 12,22,000 కిలోమీటర్ల దూరంలో 15.95 రోజులకొకసారి శనిని చుట్టి వస్తుంది. దూరాల నిష్పత్తి 3.18. దాని ఘనం సుమారు 32. కాలాల నిష్పత్తి 1.71. దాని వర్గం సుమారు 2.93. రెండింటినీ గుణిస్తే 94 వస్తుంది. అంటే శని ద్రవ్యరాశి భూమికి దాదాపు 94 రెట్లు. పుస్తకాల్లో 95 అని ఉంటుంది. చంద్రుడికి కూడా కొంత ద్రవ్యరాశి ఉండడాన్ని మనం లెక్కలోకి తీసుకోలేదు, అందుకే ఆ కొద్ది తేడా. మీ నోటు పుస్తకంలో నాలుగు పంక్తుల్లో ఒక మహాగ్రహాన్ని తూచేశారు!

ఇక ఘనపరిమాణం. శని మధ్యరేఖ దగ్గర వ్యాసం 1,20,536 కిలోమీటర్లు, ధ్రువాల మీదుగా అయితే 1,08,728 కిలోమీటర్లే. పదిన్నర గంటలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి నడుము దగ్గర ఉబ్బి, పైనా కిందా నొక్కుకుపోయింది. భూమితో పోలిస్తే నడుము 9.45 రెట్లు, నిలువు 8.55 రెట్లు. 9.45 × 9.45 × 8.55 చేస్తే సుమారు 764 వస్తుంది. 95ను 764తో భాగించి భూమి సాంద్రత 5.51తో గుణించండి. 0.69 వచ్చిందా? శని నొక్కుకుపోయిన సంగతి మరచిపోయి 9.45నే మూడుసార్లు గుణిస్తే 0.62 వచ్చేది. ఆకారంలో అంత కొద్ది తేడా కూడా జవాబును మారుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఆకారంతో మళ్ళీ పని పడుతుంది.

ఇది ఈనాటి లెక్క కాదు. న్యూటన్ తన "ప్రిన్సిపియా" మూడో ముద్రణలో, 1726లోనే, సూర్యుడి సాంద్రత 100 అనుకుంటే గురుడిది 94½, శనిది 67, భూమిది 400 అని లెక్కగట్టాడు. భూమి సాంద్రత నీటికి ఐదారు రెట్లు ఉండవచ్చని కూడా ఊహించాడు. 1798లో కావెండిష్ సీసపు గుండ్ల మధ్య ఆకర్షణను కొలిచి భూమి సాంద్రత 5.48 అని తేల్చాడు. న్యూటన్ ఊహ ఎంత దగ్గరగా ఉందో చూశారా!

మొదటి గంగాళం: మన పెరట్లోది

శని అంత పెద్దది మనకు చేతకాదు కాబట్టి చిన్నదానితో మొదలుపెడదాం. 0.69 సాంద్రత ఉన్న వస్తువు మనకు కొత్తదేమీ కాదు. ఎండిన టేకు చెక్క సాంద్రత ఇంచుమించు అంతే. ఆ చెక్కతో ఒక బంతి చేయించి శని బొమ్మలా రంగు వేసి పెరట్లో గంగాళంలో వెయ్యండి. తేలుతుంది. నూటికి 69 వంతులు నీటిలో, 31 వంతులు పైన. దాన్ని కిరసనాయిలులో వేసినా తేలుతుంది, ఎందుకంటే కిరసనాయిలు సాంద్రత సుమారు 0.8. వంటగ్యాసు సిలిండరులో ద్రవరూపంలో ఉండే గ్యాసు సాంద్రత సుమారు 0.55. అందులో వెయ్యగలిగితే మాత్రం మునుగుతుంది.

ఇదే పద్ధతిలో ఇంకొక మాట కూడా అనవచ్చు. భూమి సాంద్రత 5.51, పాదరసానిది 13.6. కాబట్టి పాదరసం నిండిన గంగాళంలో భూమి తేలుతుంది! నూటికి 40 వంతులే మునుగుతుంది. ఈ మాట క్విజ్ పుస్తకాల్లో ఎందుకు లేదు? శని వాక్యం ఎంత నిజమో ఇదీ అంతే నిజం కదా! అంటే మనం "తేలుతుంది" అన్నప్పుడు నిజంగా చెబుతున్నది రెండు సంఖ్యల పోలిక మాత్రమే. 0.69 అనే సంఖ్య 1 కంటే చిన్నది. అంతే. తేలడం అంతకంటే పెద్ద వ్యవహారం.

తేలడమంటే ఏమిటి? వస్తువు బరువు కిందికి లాగుతుంది, ద్రవం పైకి నెడుతుంది. ఆ నెట్టే బలాన్నే ఉత్ప్లవన బలం అంటాం. అది తొలగిపోయిన ద్రవం బరువుకు సమానం. ఈ రెండింటికీ "బరువు" కావాలి. బరువు ఉండాలంటే కిందికి లాగేదొకటి ఉండాలి. పెరట్లో ఆ పని చేసేది భూమి. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష నౌకలో నీటిలోని గాలిబుడగ పైకి రాదు, ఉన్నచోటనే ఉంటుంది. నీరు ఉంది, గాలి నీటికంటే ఎంతో తేలిక, అయినా తేలదు. అక్కడ పైకీ కిందికీ తేడా లేదు. కనుక తేలడానికి మూడు కావాలి: ద్రవం, ఒకవైపుకు లాగే గురుత్వం, తన ఆకారం నిలుపుకొనే వస్తువు. ఈ మూడింటినీ శని విషయంలో ఒక్కొక్కటిగా అడిగి చూద్దాం.

రెండో గంగాళం: భూమి మీది సముద్రం

భూమి మీదున్న సముద్రాలు, నదులు, మంచు, భూగర్భజలం అన్నీ కలిపితే సుమారు 138 కోట్ల ఘన కిలోమీటర్ల నీరు. లోతైన చోట కూడా సముద్రం 11 కిలోమీటర్లే. శని వ్యాసం లక్షా ఇరవై వేల కిలోమీటర్లు. తడిసిన గచ్చు మీద గుమ్మడికాయ పెట్టి "తేలుతోంది" అన్నట్టుంటుంది. పైగా శని ద్రవ్యరాశి భూమికి 95 రెట్లు. శని వచ్చి భూమి మీద పడదు, భూమే వెళ్ళి శనిలో పడుతుంది. ఈ గంగాళం పనికిరాదు.

మూడో గంగాళం: సరిపడేంత పెద్దది

సరే, ఊహే కదా, పొదుపు చెయ్యకుండా ఊహిద్దాం. వలయాలను తీసి పక్కన పెడదాం. పొడవు 2 లక్షల కిలోమీటర్లు, వెడల్పు 2 లక్షల కిలోమీటర్లు, లోతు లక్ష కిలోమీటర్లు ఉండే తొట్టి కట్టి, అంచుదాకా నీళ్ళు నింపుదాం. ఎన్ని నీళ్ళు పడతాయి? 4 పక్కన 15 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య, అన్ని ఘన కిలోమీటర్లు. భూమి మీద ఉన్న మొత్తం నీటికి 28 లక్షల రెట్లకు పైనే.

ఒక ఘన కిలోమీటరు నీరు 100 కోట్ల టన్నులు. ఆ లెక్కన మన తొట్టిలో నీటి ద్రవ్యరాశి భూమికి 670 రెట్లు, శనికి ఏడు రెట్లు, గురుగ్రహానికి రెండు రెట్లకు పైన. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇంత నీటిని మోసే గంగాళాన్ని దేనిమీద పెడతారు?

దేనిమీదా పెట్టలేం. పెట్టనక్కరా లేదు. అంత నీరు ఒకచోట చేరితే అది తొట్టిలో నీరులా ఉండదు. దాని గురుత్వమే దాన్ని నాలుగువైపుల నుంచీ లోపలికి లాగి గుండ్రంగా చేస్తుంది. శని ఉపగ్రహాల్లో మైమాస్ అనేది ఒకటుంది. దాని వ్యాసం 400 కిలోమీటర్ల లోపే. గట్టి మంచుతో చేసిన అంత చిన్న గోళమే తన గురుత్వంతో గుండ్రంగా తయారైంది. మన నీటి రాశి సంగతి చెప్పాలా? ఏ లోహంతో గోడలు కట్టినా లోపలికి కూలిపోతాయి. మిగిలేది గంగాళం కాదు, గురుడికంటే భారీ అయిన ఒక నీటి గ్రహం. దానికి అంచు లేదు, అడుగు లేదు. దాని నడిబొడ్డున ఉండే ఒత్తిడికి నీరు మనకు తెలిసిన నీరుగా కూడా మిగలదు. నలిగి, వేడెక్కి, సాంద్రత పెరిగి వేరే రూపాల్లోకి మారుతుంది. మనం మొదట్లో ఇచ్చిపుచ్చుకొన్న "నీటి సాంద్రత 1" అన్న మాటకే కాళ్ళు విరిగిపోయాయి.

ఇక శని బంతిలా ఉంటుందా?

మూడో షరతు ఆకారం. టేకు బంతి గట్టిగా ఉంటుంది, నీళ్ళలో పడేసినా బంతిగానే ఉంటుంది. శని అలా కాదు. అది ఎక్కువభాగం హైడ్రోజన్, హీలియం. నిలబడటానికి గట్టి నేల లేదు. పైన పలచని వాయువు, లోపలికి పోయేకొద్దీ ఒత్తిడికి చిక్కబడి ద్రవంలా, మరీ లోపల లోహంలా ప్రవర్తించే హైడ్రోజన్, నడుమ రాళ్ళూ మంచూ కలిసిన బరువైన భాగం. కాసినీ వ్యోమనౌక 2017 వరకు శని చుట్టూ తిరిగింది. అది వలయాల్లో గమనించిన చిన్న చిన్న అలలను బట్టి, ఆ నడిమి భాగానికి స్పష్టమైన అంచు లేదనీ, అది గ్రహం వ్యాసార్థంలో 60 శాతం దాకా పలచబడుతూ వ్యాపించి ఉందనీ 2021లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది.

అంటే 0.69 అన్నది శనిలో ఏదో ఒక ముక్క సాంద్రత కాదు, సగటు. మీ తరగతి సగటు ఎత్తు ఐదడుగులంటే అందరూ ఐదడుగులవాళ్ళని కాదు కదా! శని పైపొర మన గాలికంటే పలచన. నడిబొడ్డు నీటికంటే ఎన్నో రెట్లు బరువు.

మీ ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెడు నూనె అందులో వదలండి. నూనె తేలిందా? తేలింది. ముద్దగా తేలిందా? లేదు. పలచగా పరచుకుంది. గట్టి ఆకారం లేని వస్తువు తేలే తీరు అది. శనిని గురుత్వం ఉన్న ఏ పెద్ద నీటిరాశి దగ్గరకు తెచ్చినా అది బంతిలా మూడోవంతు పైకి కనబడుతూ ఊగుతూ ఉండదు.

మరి ఏమవుతుంది? రెండూ దగ్గరవుతున్నకొద్దీ ఒకదాని దగ్గరి వైపును రెండోది గట్టిగా, దూరపు వైపును తక్కువగా లాగుతుంది. ఆ తేడాకు చిన్నది సాగి చిందరవందర అవుతుంది. ఇలా చీలిపోయే దూరానికి ఒక హద్దు ఉందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్వార్ రోష్ 1848లో లెక్కించి చూపాడు. చివరకు శనీ మన నీళ్ళూ కలిసి ఒకే మహాగ్రహం అవుతాయి. రాళ్ళూ లోహాలూ నడిబొడ్డుకు దిగుతాయి, నీరు దాని పైన, హైడ్రోజన్ అన్నింటికీ పైన. పాలు కాగి చల్లారాక మీగడ పైకి వచ్చినట్టు తేలికైన పదార్థం పైకి వస్తుంది. ఆర్కిమిడిస్ సూత్రం ఓడిపోలేదు. మనం చూడమన్నచోట కాక మరోచోట పని చేసింది.

తేలడం గ్రహాల లోపల జరిగింది

నా వాదంలో ముఖ్యమైన మాట ఇదే. గ్రహం గంగాళంలో తేలదు. కాని ప్రతి గ్రహం లోపలా తేలడం, మునగడం జరిగాయి, జరుగుతున్నాయి. మీ కాళ్ళ కింది భూమినే చూడండి. భూమి పుట్టిన కొత్తలో కరిగి ఉన్నప్పుడు బరువైన ఇనుము మునిగి నడిబొడ్డుకు చేరింది. తేలికైన రాయి పైకి తేలింది. దాని మీద నీరు, నీటిమీద గాలి. మనం నిలబడ్డ నేల ఆ పాత తేలడం వల్ల ఏర్పడిందే.

ఇది మన దేశంలోనే బయటపడింది. పందొమ్మిదో శతాబ్దంలో దేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచిన మహా సర్వేలో, ఉత్తరాన కలియానా, మధ్యభారతంలో కలియాన్‌పూర్ అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని నేలమీద కొలిస్తే ఒక విలువ, నక్షత్రాలను బట్టి కొలిస్తే మరొక విలువ వచ్చాయి. తేడా కోణంలో 5.24 సెకన్లు. హిమాలయాలు గుండుదారాన్ని తమవైపు లాగడం వల్ల ఈ తేడా వచ్చిందని కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే మతాచార్యుడు అనుకున్నాడు. లెక్క వేస్తే తేడా సుమారు 15.9 సెకన్లు రావాలి! అంత పెద్ద పర్వతాలు మూడోవంతే లాగుతున్నాయేమిటి?

1855లో ఇంగ్లండులో ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పాడు. నీటిలో తేలే దుంగల్లో ఏది ఎక్కువ పైకి కనబడుతుందో అదే ఎక్కువ లోతుకు మునిగి ఉంటుంది. పర్వతాలూ అలాగే. కింద ఉన్న బరువైన పొరలోకి తేలికైన రాతి వేళ్ళు దిగి ఉన్నాయి, అందుకే మొత్తం మీద ఆకర్షణ తక్కువ. ఇప్పుడు భూకంప తరంగాలతో కొలిస్తే, మామూలు చోట్ల 35, 40 కిలోమీటర్లు ఉండే భూమి పైపొర హిమాలయాలు, టిబెట్ కింద సుమారు 70 కిలోమీటర్లు ఉన్నదని తేలింది. కింది పొర నీరు కాదు, గట్టి రాయే. అయినా లక్షల ఏళ్ళ లెక్కన మెల్లగా జరుగుతుంది. అది చాలు, పర్వతం తేలడానికి.

శనిలోనూ ఇలాంటిదే జరుగుతోందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సూర్యుడి నుంచి అందుకొనే వేడికంటే ఎక్కువ వేడిని శని బయటికి పంపుతోంది. లోలోపల హీలియం బిందువులు హైడ్రోజన్‌లోంచి వానలా కిందికి దిగుతూ ఆ వేడిని పుట్టిస్తున్నాయని వివరణ. శనిలో మునిగేది ఏదో, తేలేది ఏదో తెలుసుకోవాలంటే గంగాళం వైపు కాదు, శని లోపలికి చూడాలి.

అయితే ఆ గంగాళాన్ని వదిలేద్దామా?

నా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు: "ఎందుకండీ ఇంత రభస? ఆ వాక్యంతో పిల్లలకు సాంద్రత గుర్తుంటుంది. గుర్తుండటమే కావాలి కదా?" ఆ మాటలో న్యాయం ఉంది. గంగాళం లేకపోతే మీలో చాలామందికి 0.69 అనే సంఖ్య గుర్తుండేది కాదు. నేనూ గంగాళాన్ని వదిలెయ్యమనను. దాన్ని చివరిదాకా మొయ్యమంటున్నాను.

ఊహా ప్రయోగమంటే సైన్సులో గౌరవమైన పద్ధతి. బరువైన రాయి త్వరగా, తేలిక రాయి మెల్లగా పడుతుందంటారు కదా, మరి రెండింటినీ తాడుతో కడితే ఏమవుతుంది అని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో అడిగాడు. మెల్లగా పడే రాయి వెనక్కు లాగుతుంది కాబట్టి జంట నిదానంగా పడాలి. రెండూ కలిసి బరువు పెరిగింది కాబట్టి త్వరగా పడాలి. రెండూ నిజం కాలేవు. రాళ్ళు కట్టకుండానే, మేడ ఎక్కకుండానే పాత నమ్మకం కూలిపోయింది. ఎందుకు కూలింది? ఆయన ఊహను మధ్యలో ఆపకుండా చివరిదాకా నడిపించాడు కాబట్టి. "ఊహే కదా, కూర్చో" అని ఎవరైనా ఆయన్ని కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేది?

ఊహలో తొట్టి ఎంత పెద్దదైనా కావచ్చు. కాని ప్రకృతి నియమాలు మాత్రం ఊహలోకి కూడా మనవెంట రావాలి. గురుత్వాన్ని గుమ్మం బయట వదిలేసి తేలడం గురించి మాట్లాడటం, నిప్పు లేకుండా వంట గురించి మాట్లాడినట్టే.

ఇక పరీక్షల మాట. "నీటిపై తేలే గ్రహం ఏది?" అని అడిగితే మీరు "శని" అని రాయండి, మీ మార్కు మీకు రావాలి. కాని పక్కన ఒక్క వాక్యం చేర్చండి: "శని సగటు సాంద్రత నీటి సాంద్రత కంటే తక్కువ." రెండో వాక్యమే అసలు జవాబు. ప్రశ్నపత్రాలు తయారుచేసే నా తోటివాళ్ళకూ ఒక మనవి. ప్రశ్నను కొద్దిగా మార్చండి: "శనిని నీటిలో తేల్చడానికి ఏమేమి కావాలి? అవి సాధ్యమేనా?" అని అడగండి. ఒక మార్కుకు బదులు నాలుగు ఇవ్వండి. జవాబులు దిద్దడానికి ఎక్కువసేపు పడుతుంది, నిజమే. కాని ఏ పిల్లవాడు ఆలోచిస్తున్నాడో ఆ కాగితాల్లోనే కనబడుతుంది.

చివరగా ఒక సంగతి. శని దగ్గర నీరు నిజంగానే ఉంది. ఇందాక తీసి పక్కన పెట్టిన వలయాలు ఉన్నాయి చూశారూ, అవి దాదాపు అంతా నీటి మంచు గడ్డలే. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ పగుళ్ళలోంచి నీటి ఆవిరీ మంచుపొడీ చిమ్ముతున్నాయని కాసినీ 2005లో కనిపెట్టింది. ఆ నీటిమీద శని తేలడం లేదు. శని గురుత్వానికి కట్టుబడి ఆ నీరే దాని చుట్టూ తిరుగుతోంది.

రేపు మీ తరగతిలో ఎవరైనా శనిని గంగాళంలో వేస్తే, లేచి నిలబడి మర్యాదగా అడగండి: "ఆ గంగాళాన్ని దేనిమీద పెడతారండీ?" తరగతి నవ్వితే నవ్వనివ్వండి. మాస్టారు కూడా నవ్వితే, ఈ పేజీ తీసి ఆయన చేతికివ్వండి.